వర్గమూలం గుర్తుకు కప్పు ఎక్కడిదాకా?

రెండేళ్ల కిందట వానాకాలంలో, డిప్లొమా సివిల్ మొదటి ఏడాది చదివే అమ్మాయి రామంతాపూర్‌లోని మా ఇంటికి ట్యూషన్‌కు వచ్చేది. ఒకరోజు వస్తూనే, బ్యాగు కూడా దించకుండా కాలిక్యులేటర్ నా చేతిలో పెట్టింది. "మేడం, ఇది ఖరాబైంది. కోఠిలో కొని నెల కూడా కాలేదు" అంది. ఏమైందమ్మా అని అడిగితే మొత్తం చెప్పింది.

వాళ్ల నాన్న మేస్త్రీ. బోడుప్పల్ అవతల ఒక 200 గజాల ప్లాటులో ముగ్గు పోస్తున్నారు. వెడల్పు 30 అడుగులు, పొడవు 60. మూలలు సరిగ్గా కుదిరాయో లేదో చూడటానికి ఆయన ఎదురెదురు మూలలకు టేపు పట్టించాడు. ఆ మూల నుంచి ఈ మూలకు 67 అడుగుల ఒక అంగుళం. రెండోవైపు కూడా అంతే. "మూలమట్టం కుదిరింది" అన్నాడు. పక్కనే నిలబడ్డ కూతురు, కాలేజీలో నేర్చుకున్న లెక్కతో అదే సంగతి నాన్నకు చూపిద్దామని కాలిక్యులేటర్ తీసింది. తెర మీద 3630 వచ్చింది.

3630 అడుగులంటే కిలోమీటరు దాటిన దూరం. నాన్న ముందు పరువు పోయిందని పాపం దాని బాధ.

"ఏయే బటన్లు నొక్కావో నా ముందు మళ్లీ నొక్కు" అన్నాను. ముందు √ నొక్కింది. తర్వాత 30, వర్గం బటన్, ప్లస్, 60, వర్గం బటన్, ఈజ్ ఈక్వల్ టు. మళ్లీ 3630. మిషన్‌లో ఏ లోపమూ లేదు. తనకు చెప్పిన పని అక్షరాలా చేసింది. 30 వర్గం 900, దాని వర్గమూలం 30. దానికి 60 వర్గం, అంటే 3600 కలిపింది. వర్గమూలం మొదటి ముక్కకే అంటుకుంది, రెండోది బయట ఉండిపోయింది.

నోటుబుక్కులో రాసేటప్పుడు ఈ ఇబ్బంది రాదు. √ గుర్తు వేసి, దాని తల మీద నుంచి అడ్డగీత లాగుతాం. ఆ గీత కింద ఏముంటే దానికంతటికీ వర్గమూలం. పిల్లలకు నేను దాన్ని కప్పు అని చెబుతాను, ఇంటి కప్పులాగే. కప్పు కింద ఉన్నవాళ్లు లోపలివాళ్లు, మిగతావాళ్లు బయటివాళ్లు. కాలిక్యులేటర్‌లో వర్గమూలం తప్పు వచ్చిందని నా దగ్గరకు వచ్చిన పిల్లల్లో చాలామందికి సమస్య ఒక్కటే. కప్పు ఎక్కడిదాకా ఉందో మిషన్‌కు చెప్పలేదు.

ఈ కప్పు గుర్తుతో పాటే పుట్టలేదు. √ గుర్తును అచ్చులో మొదట వాడినవాడు క్రిస్టాఫ్ రుడాల్ఫ్ అనే జర్మన్ గణితజ్ఞుడు, 1525లో. ఆయన గుర్తుకు అడ్డగీత లేదు. దాన్ని జోడించినవాడు ఫ్రెంచి తత్వవేత్త రెనే డెకార్ట్, 1637లో. అంటే వందేళ్లకు పైగా ఆ గుర్తు కప్పు లేకుండానే ఉంది. అంకెలన్నీ ఒకే వరసలో చూపించే కాలిక్యులేటర్ తెర మీద గీత లాగడానికి చోటు లేదు కాబట్టి, మనం మళ్లీ రుడాల్ఫ్ కాలానికి వెళ్లినట్టే. అక్కడ గీత చేయాల్సిన పనిని బ్రాకెట్ చేయాలి. √, బ్రాకెట్ తెరిచి, 30 వర్గం ప్లస్ 60 వర్గం, బ్రాకెట్ మూసి, ఈజ్ ఈక్వల్ టు. ఆ అమ్మాయి నొక్కింది. 67.08203932. పాయింటు తర్వాతి 0.082ని 12తో గుణిస్తే 0.98, అంటే ఒక అంగుళానికి వెంట్రుకవాసి తక్కువ. నాన్న టేపు చెప్పిందీ అదే.

ఇక మీ చేతిలో ఉన్నది ఏ రకం మిషనో తెలుసుకోవాలి. ఎందుకంటే √ బటన్ అన్నిట్లో ఒకేలా పనిచేయదు.

కిరాణా కొట్టులో, బట్టల షాపులో ఉండే మామూలు కాలిక్యులేటర్‌లో అంకె ముందు, √ తర్వాత. 25 నొక్కి √ నొక్కితే వెంటనే 5 వస్తుంది, ఈజ్ ఈక్వల్ టు కూడా అక్కర్లేదు. కూడికకు వర్గమూలం కావాలంటే ముందు కూడిక పూర్తిచేసి ఈజ్ ఈక్వల్ టు నొక్కి, ఆ తర్వాత √ నొక్కాలి. పాత సైంటిఫిక్ కాలిక్యులేటర్లలోనూ చాలావాటికి ఇదే వరస. ఐఐటీలు, ఐఐఎస్సీ నిర్వహించే గేట్ పరీక్షలో సొంత కాలిక్యులేటర్ పట్టుకెళ్లనివ్వరు, కంప్యూటర్ తెర మీదే ఒకటి ఇస్తారు. దాంట్లో కూడా అంకె ముందు, √ తర్వాత. నాలుగేళ్లు వేరే వరసకు అలవాటుపడ్డ చేయి పరీక్ష టెన్షన్‌లో అక్కడ తడబడుతుంది. గేట్ రాసేవాళ్లు కనీసం ఒక నెల ముందు నుంచి ఆ తెర కాలిక్యులేటర్ మీదే లెక్కలు చేయాలని నేను పట్టుబట్టి చెబుతాను.

రెండో రకం, మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏళ్ల తరబడి చేతులు మారుతూ వస్తున్న క్యాసియో ఎఫ్ఎక్స్-991 ఎంఎస్ లాంటివి. తెర మీద రెండు వరసలు. పైన మనం నొక్కింది, కింద జవాబు. ఇక్కడ √ ముందు, అంకె తర్వాత. మనం నోటితో చెప్పినట్టే, రాసినట్టే. ఆ అమ్మాయిది ఈ రకమే. వీటిలో √ తన పక్కనే ఉన్న అంకెను మాత్రమే పట్టుకుంటుంది. ఆ అంకెకు వర్గం గుర్తు ఉంటే దాన్నీ కలుపుకుంటుంది. అంతకు మించి కావాలంటే బ్రాకెట్ తప్పదు.

మూడో రకం, పుస్తకంలో అచ్చువేసినట్టే చూపించేవి, ఎఫ్ఎక్స్-991 ఈఎస్, ఆ తర్వాత వచ్చినవి. వీటిలో √ నొక్కగానే నిజంగానే అడ్డగీతతో గుర్తు వస్తుంది, మీరు నొక్కేకొద్దీ గీత సాగుతుంది. కప్పు తిరిగొచ్చింది కాబట్టి సమస్య తీరిపోవాలి. కానీ ఇక్కడ కష్టం రెండోవైపు నుంచి వస్తుంది. √16 కు 9 కలపాలనుకోండి. 13 రావాలి. √ నొక్కి 16, ప్లస్, 9 అని వరసగా నొక్కుకుంటూ పోతే ఆ 9 కూడా కప్పు కిందికే వెళ్లి 5 వస్తుంది. 16 నొక్కాక కుడివైపు బాణం నొక్కి కప్పు కింద నుంచి బయటికి రావాలి. పాత రకంలో లోపలికి తీసుకెళ్లడం మరిచిపోతాం, కొత్త రకంలో బయటికి తీసుకురావడం మరిచిపోతాం. ఈజ్ ఈక్వల్ టు నొక్కేముందు ఒక్క క్షణం తెర చూస్తే చాలు, గీత ఎక్కడ ఆగిందో కనిపిస్తూనే ఉంటుంది.

ఈ కొత్త రకంతో ఇంకో కంగారు ఉంది. చార్మినార్ చదరంగా కట్టిన కట్టడం, ఒక్కో వైపు సుమారు 20 మీటర్లు. ఎదురెదురు మూలల మధ్య దూరం కావాలంటే 20 వర్గం ప్లస్ 20 వర్గం, మొత్తానికి √. జవాబు 28.28 అని రావాల్సింది, తెర మీద 20√2 అని వస్తుంది. "మేడం, లెక్క చేయకుండా లెక్కనే తిరిగి ఇచ్చింది" అంటారు పిల్లలు. అది తప్పు కాదు. 20√2 అన్నదే కచ్చితమైన జవాబు. 28.28427125 అన్నది పది అంకెల దగ్గర కోసిన రూపం. √2 కరణీయ సంఖ్య, పాయింటు తర్వాత దాని అంకెలకు అంతం లేదు, ఒక వరస మళ్లీ మళ్లీ రావడమూ లేదు. దశాంశం కావాలంటే చాలావాటిలో ఎస్, డి అక్షరాలు, మధ్యలో బాణం ఉన్న బటన్ నొక్కాలి. ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారుతుంది. మేస్త్రీకి దశాంశం కావాలి, లెక్కల పరీక్షకు 20√2 కావాలి. ఏది ఎక్కడ రాయాలో మీరే తేల్చుకోవాలి.

ఫిజిక్స్ లెక్కల్లో పదుల ఘాతాలు వచ్చినప్పుడు కప్పు సమస్య కంటికి కనిపించకుండా దెబ్బతీస్తుంది. 1.6 ఇంటు 10 పవర్ మైనస్ 19 కు వర్గమూలం కావాలి. రెండో రకం మిషన్‌లో √ నొక్కి 1.6, ఇంటూ, 10, పవర్, మైనస్ 19 అని నొక్కితే √ కేవలం 1.6కే అంటుకుంటుంది. 10 పవర్ మైనస్ 19 అలాగే మిగిలిపోతుంది. అదే ఈఎక్స్‌పీ అని రాసిన బటన్ వాడితే 1.6 ఈఎక్స్‌పీ మైనస్ 19 మొత్తం మిషన్‌కు ఒకే అంకె. √ దాన్నంతా పట్టుకుని 4 ఇంటు 10 పవర్ మైనస్ 10 అని సరైన జవాబు ఇస్తుంది. 3630 లాంటి తప్పయితే చూడగానే తెలుస్తుంది. పవర్ మైనస్ 19 కీ మైనస్ 10 కీ తేడా చాలామందికి చూపుకు ఆనదు. అందుకే ఈఎక్స్‌పీ బటన్ అలవాటు చేసుకోమంటాను.

అయితే బటన్ల కంటే నేను ఎక్కువసేపు చెప్పేది అంచనా గురించి. బటన్ నొక్కకముందే జవాబు ఏ ప్రాంతంలో ఉంటుందో తెలిసి ఉండాలి. ఇక్కడ మన పిల్లల పరిస్థితి చిత్రంగా ఉంటుంది. ఈఏపీసెట్‌లో, జేఈఈ మెయిన్‌లో కాలిక్యులేటర్ ఉండదు. అక్కడిదాకా చేత్తో, మనసులో బ్రహ్మాండంగా లెక్కలు కట్టిన పిల్లలు బీటెక్‌లో చేరి కాలిక్యులేటర్ చేతికి రాగానే ఆ నైపుణ్యాన్ని పక్కన పెట్టేస్తారు. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది.

అంచనా కట్టడం చిన్న పని. అంకెలను కుడి నుంచి ఎడమకు రెండేసి జతలు చేయండి. మన ప్లాటు లెక్కలో 900, 3600 కలిపితే 4500. దాంట్లో 45, 00, రెండు జతలు. ఎన్ని జతలుంటే వర్గమూలంలో పాయింటుకు ముందు అన్ని అంకెలు. మొదటి జత 45. ఆరు ఆర్ల ముప్పై ఆరు, ఏడు ఏళ్ల నలభై తొమ్మిది. కాబట్టి జవాబు 60కీ 70కీ మధ్య. ఐదు సెకన్ల పని. ఆ తర్వాత 3630 వస్తే ఎవరూ నమ్మరు. జతలో ఒకే అంకె మిగిలినా అంతే. 450కి 4, 50. మొదటి జత 4 కాబట్టి జవాబు 20 పైన మొదలవుతుంది. 450, 4500 చూడటానికి ఒకేలా ఉన్నా వర్గమూలాలు 21.2, 67.08. పాయింటు ఒక్క చోటు జరిగితే వర్గమూలం మొత్తం మారిపోతుంది, రెండు చోట్లు జరిగితేనే అవే అంకెలు వస్తాయి. ఒకటి కంటే చిన్న అంకెల విషయంలో ఇంకో జాగ్రత్త. 0.25 వర్గమూలం 0.5, అంటే అసలు అంకె కంటే పెద్దది. అలాగే √0.9 అంటే 0.3 కాదు, 0.9487. 0.3 వచ్చేది √0.09కి.

ప్లాట్ల ఊరు కాబట్టి గజాల మాట కూడా చెప్పాలి. 200 గజాల ప్లాటు చదరంగా ఉంటే ఒక వైపు ఎన్ని అడుగులు? గజానికి మూడు అడుగులు కదా అని 200ని 3తో గుణించి √600, అంటే 24.5 అడుగులు అనేవాళ్లను చదువుకున్నవాళ్లలోనే చూశాను. ప్లాటు విషయంలో గజమంటే చదరపు గజం, దాంట్లో 9 చదరపు అడుగులు. 1800కి √ నొక్కితే 42.43 అడుగులు. లేదా √200 ముందు నొక్కి 14.14 గజాలు తెచ్చుకుని, అప్పుడు 3తో గుణించండి. రెండు దారులూ ఒకే చోటికి చేరతాయి. వర్గమూలం తీయకముందు 9, తీశాక 3. ఈ ఒక్క మాట గుర్తుంటే ఏ కొలతలోనూ తప్పు రాదు.

ఇక మ్యాథ్ ఎర్రర్. రుణ సంఖ్యకు √ నొక్కితే తెర మీద ఈ మాట వస్తుంది. ఏ సంఖ్యను తీసుకుని దాంతోనే గుణించినా రుణ సంఖ్య రాదు కాబట్టి, రుణ సంఖ్యకు మామూలు సంఖ్యల్లో వర్గమూలం లేదు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో ఉన్న మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో సరిగ్గా ఇదే చెప్పాడు, రుణరాశి స్వభావం చేతనే వర్గం కాదు గనుక దానికి వర్గమూలం లేదని. ఆ గణిత గ్రంథాన్ని దాదాపు వెయ్యేళ్ల కిందట పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో లెక్కల పుస్తకం ఎంత పాతదో మన పిల్లలకు తెలియాలని ప్రతి బ్యాచ్‌కూ ఈ సంగతి చెబుతాను. సంకీర్ణ సంఖ్యల మోడ్ ఉన్న కొన్ని మిషన్లలో అయితే మైనస్ 4కు కూడా జవాబు వస్తుంది, 2 పక్కన ఐ అక్షరంతో.

కానీ పిల్లలకు మ్యాథ్ ఎర్రర్ వచ్చేది ఎక్కువగా లెక్కలో నిజంగా రుణ సంఖ్య ఉండి కాదు, బ్రాకెట్ పెట్టక. వర్గ సమీకరణం సూత్రంలో మధ్య పదం గుణకం మైనస్ 5 అనుకోండి. దాని వర్గం 25, అందులోంచి మిగతా రెండు గుణకాల లబ్ధానికి నాలుగు రెట్లు, 24 అనుకుందాం, తీసేస్తే 1, √1 అంటే 1. కానీ మిషన్ మీద మైనస్, 5, వర్గం అని నొక్కితే అది ముందు 5కు వర్గం కట్టి, తర్వాత మైనస్ పెడుతుంది. మైనస్ 25. అందులోంచి 24 పోతే మైనస్ 49. √ కింద మైనస్ 49, వెంటనే మ్యాథ్ ఎర్రర్. మైనస్ 5ను బ్రాకెట్లో పెట్టి, ఆ తర్వాత వర్గం బటన్ నొక్కాలి. ఇంకొకటి. √25కు మిషన్ 5 మాత్రమే చూపిస్తుంది, మైనస్ 5 చూపించదు. √ గుర్తుకు అర్థమే ధన వర్గమూలం కాబట్టి అది సరైనదే. కానీ సమీకరణం సాధించేటప్పుడు రెండో జవాబును మీరే రాయాలి.

ఘనమూలం, నాలుగో మూలం లాంటివి షిఫ్ట్ నొక్కితే వస్తాయి, బటన్ పైన రంగు అక్షరాల్లో రాసి ఉంటుంది. పవర్‌గానూ నొక్కవచ్చు. 2 పవర్ 0.5 అన్నా √2 అన్నా ఒకటే. భిన్నంగా నొక్కితే మాత్రం 1 బై 2ని బ్రాకెట్లో పెట్టాలి, లేకపోతే 2 పవర్ 1 కట్టి, దాన్ని 2తో భాగించి 1 ఇస్తుంది.

ఇంతకీ బటన్ నొక్కాక లోపల ఏం జరుగుతుంది? అన్ని వర్గమూలాల పట్టిక మిషన్‌లో దాచి ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా ఏమీ ఉండదు. నిజంగా లెక్క కడుతుంది. బేసి సంఖ్యలను 1 నుంచి వరసగా కూడితే వర్గాలు వస్తాయి. 1, 3 కలిపితే 4. ఇంకో 5 కలిపితే 9. ఇంకో 7 కలిపితే 16. అంటే 25లోంచి 1, 3, 5, 7, 9 వరసగా తీసేస్తే ఐదు సార్లకు సున్నా అవుతుంది. జవాబు ఆ ఐదే. జేబులో పట్టే మొదటి సైంటిఫిక్ కాలిక్యులేటర్ హ్యూలెట్ ప్యాకార్డ్ హెచ్‌పీ-35, 1972లో వచ్చింది. దాని మీద √ బటన్ ఉంది. తమ కాలిక్యులేటర్లు ఈ బేసి సంఖ్యల తీసివేతతోనే వర్గమూలం కడతాయని ఆ కంపెనీ 1977లో తన జర్నల్‌లో వివరించింది.

మన 4500తోనే చూద్దాం. మొదటి జత 45. అందులోంచి 1, 3, 5, 7, 9, 11 తీసేస్తే ఆరు సార్లయింది, 9 మిగిలింది, 13 పోదు. మొదటి అంకె 6. మిగిలిన 9 పక్కన తర్వాతి జత 00 దించితే 900. ఇప్పుడు 6కు రెట్టింపు 12, పక్కన 1 చేర్చి 121 నుంచి మొదలుపెట్టాలి. 121, 123, 125, 127, 129, 131, 133 పోయాయి, ఏడు సార్లు, 11 మిగిలింది. 67 వచ్చేసింది. ఇంకో జత సున్నాలు దించితే 1100, రెట్టింపు 134 పక్కన 1 చేర్చితే 1341, అది పోదు, కాబట్టి 0. మరో జత దించి 13401 నుంచి మొదలుపెడితే ఎనిమిది సార్లు పోతుంది. 67.08.

జతలు దించడం, వచ్చినదాన్ని రెట్టింపు చేయడం ఎక్కడో చూసినట్టు అనిపిస్తే, చూశారు. ఎనిమిదో తరగతిలో భాగహార పద్ధతి అని నేర్చుకున్నది ఇదే. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో గణితపాదం నాలుగో శ్లోకం చెప్పేదీ దీన్నే. స్థానాలను వర్గ, అవర్గ అని జతలు చేసి, అవర్గ స్థానాన్ని అప్పటిదాకా వచ్చిన వర్గమూలానికి రెట్టింపుతో భాగించమంటాడు ఆర్యభటుడు. మిషన్ భాగహారం బదులు తీసివేతలు చేస్తుంది, అంతే తేడా.

తెర మీద పది అంకెలే కనిపించినా లోపల మిషన్ ఇంకొన్ని అంకెలు దాచుకుంటుంది. √2 నొక్కి, వచ్చిన జవాబుకు అక్కడికక్కడే వర్గం నొక్కండి, సరిగ్గా 2 వస్తుంది. అదే 1.414213562 అని చేత్తో నొక్కి వర్గం కడితే 1.999999999 వస్తుంది. అందుకే పెద్ద లెక్కల్లో మధ్య జవాబులను కాగితం మీద రాసుకుని మళ్లీ నొక్కకుండా, ముందటి జవాబును అలాగే తెచ్చిచ్చే ఆన్స్ బటన్ వాడమని చెబుతాను.

ఆ అమ్మాయికి ఆ రోజు చివర్లో ఆన్స్ బటన్‌తోనే ఒకటి చేసి చూపించాను. మీ చేతిలో కాలిక్యులేటర్ ఉంటే ఇప్పుడే చేయండి. √ బటన్ ముట్టుకోకుండా √2 కట్టాలి. 1 నొక్కి ఈజ్ ఈక్వల్ టు. తర్వాత బ్రాకెట్ తెరిచి, ఆన్స్ ప్లస్ 2 భాగించు ఆన్స్, బ్రాకెట్ మూసి, భాగించు 2. అంటే మన అంచనాకూ, 2ను ఆ అంచనాతో భాగిస్తే వచ్చేదానికీ సగటు. ఇక ఈజ్ ఈక్వల్ టు ఒక్కటే నొక్కుతూ పోండి. 1.5 వస్తుంది. మళ్లీ నొక్కితే 1.416666667. మూడోసారి 1.414215686. నాలుగోసారి 1.414213562, √ బటన్ ఇచ్చే అంకెలే.

మూడోసారి వచ్చిన 1.414215686 దగ్గర ఆగమన్నాను. భిన్నంగా రాస్తే అది 577 బై 408. యజ్ఞవేదికలకు ఇటుకలు పేర్చే కొలతల కోసం, క్రీస్తుకు కొన్ని శతాబ్దాల ముందు కూర్చిన బౌధాయన శుల్బసూత్రంలో, భుజం ఒకటైన చదరం కర్ణానికి, అంటే ఎదురెదురు మూలల మధ్య దూరానికి, ఇచ్చిన విలువ ఇదే. ఒకటికి దాని మూడో వంతు కలుపు, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలుపు, అందులోంచి దాని ముప్పై నాలుగో వంతు తీసెయ్ అంటుంది సూత్రం. ఆ అమ్మాయి నోటుబుక్కు తీసి, 1 ప్లస్ 1 బై 3 ప్లస్ 1 బై 12 మైనస్ 1 బై 408 అని రాసి, నొక్కి చూసింది. తెర మీద 1.414215686.

"శుల్బం అంటే ఏంటి మేడం?" అంది.

తాడు అని చెప్పాను. ముగ్గు పోసేటప్పుడు వాళ్ల నాన్న మేకుకు కట్టి లాగుతాడే, అలాంటి తాడు.